మేనకోడలితో లైట్‌హౌస్ ఎక్కిన సంగతి

అక్కకు నమస్కారాలు.

మొన్నటి విహారయాత్రలో మీ కుటుంబానికి కలిగిన సకల కష్టనష్టాలకు, ఎండతో సహా, నేనే బాధ్యుణ్ణని ఒప్పుకుంటూ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను.

మీ పిడుగు బస్సు దిగిన దగ్గర్నుంచి లైట్‌హౌస్ గుమ్మం దాకా నన్ను చూసి ఏడ్చింది. పుట్టిన ఏడాదిన్నరకు మొదటిసారి చూసిన మేనమామ ముఖం, దాని తప్పేం లేదు. "మామయ్యే తల్లీ, బూచోడు కాదు" అని నువ్వంటే, "గడ్డం గీసుకునుంటే నమ్మేదేమో" అన్నాడు బావ. సగం మెట్ల దగ్గర నీకు ఆయాసమొచ్చి దాన్ని నాకిచ్చావు. ఏడ్చి అలసిన పిల్ల, ఎవరి భుజమో చూసుకోకుండా నిద్రపోయింది.

మీ రైలు కదిలాక నా ఒంటిమంచం గది ఎంత పెద్దదో తెలిసింది. ఆఫీసులో మ్యాపులు గీసే బల్లతోనే కబుర్లు చెబుతున్నాను. అది ఊఁ కూడా కొట్టదు.

పిడుగు జలుబు తగ్గిందా? మీ గొడుగు నా దగ్గరే ఉంది. గడ్డం గీసుకుని ఫోటో తీయించుకుని పంపుతాను, రోజూ ఒకసారి దానికి చూపించు. బావకు నమస్కారాలు, పిడుగుకు ముద్దులు.

నేను నిజంగా చేసిన నేరం ఒక్కటే. పైకెక్కాక నువ్వు "లేచిందేమో, ఇటివ్వరా" అంటే, "నిద్రపోతోందక్కా, కదపకు" అన్నాను. అప్పటికే లేచింది. గోడవైపు తిరిగి, ఏడవకుండా, నా చొక్కా గుండీ తిప్పుతోంది.

నీ తమ్ముడు