చలి ఓడలో రెండు పడకలు

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ నాన్న, నానమ్మ, నేను ముగ్గురం క్షేమం. నువ్వూ క్షేమమే అని రాయబోయాను గానీ ఆదివారం ఫోన్లో మూడుసార్లు దగ్గావు, కాబట్టి ముప్పాతిక క్షేమం అనుకుంటున్నాను. ఆ ఊరి కాలేజీలో నర్సింగ్ పాఠాలు చెప్పే టీచరమ్మ తన మందు తాను వేసుకోదని అక్కడి పిల్లలకి తెలుసా?

ఎప్పుడూ ఫోనే చేసే నేను ఉత్తరం రాయడమేమిటంటావు. ఫోన్లో నేను మాట సగంలో ఉండగానే నీ "వద్దు" వచ్చేస్తుంది. ఉత్తరానికి అడ్డు తగలలేవు. పైగా చేతికి ఏ కాగితం వచ్చినా చివరి అక్షరం దాకా చదవందే వదలవు, మందు సీసా మీది చీటీతో సహా. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. వంటింటి కొళాయి బాగు చేయించాం. ఇప్పుడు కారడం లేదు, ఈల వేస్తోంది. నా ఉద్యోగం ఉంది. ఈ ఏడాదిలో ఇది మూడోదని ప్రతి ఉత్తరంలోనూ గుర్తుచెయ్యక్కర్లేదు. ఒక్కచోట కుదురుగా కూర్చోలేని నన్ను తీసుకెళ్ళి కుర్చీల కేటలాగులో వర్ణనలు రాయమన్నారు, నా తప్పేముంది? మొన్న ఒక పడక్కుర్చీ గురించి "మీ నడుముకి ప్రాణస్నేహితుడు" అని రాస్తే మా మేనేజరు కొట్టేసి "సౌకర్యవంతం" అని పెట్టాడు. కొట్టేసేటప్పుడు నవ్వాడు, అది చూశాను.

ఇక నానమ్మ బీపీ. నువ్వు చెప్పినట్టే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ పట్టీ చుట్టి, చూసి, మళ్ళీ చుట్టి, "మీ నానమ్మది నాకంటే బాగుంది. చలికి భయం లేదు, తడి నేల మీద జారకుండా చూసుకోండి" అంది. నానమ్మ వెంటనే, "ఆ మాట కాగితం మీద రాసివ్వు తల్లీ, మా కోడలికి పంపాలి" అని చెయ్యి చాపింది. ఆ కాగితం ఈ ఉత్తరంతోనే పెట్టాను.

ఓడ సంగతి నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు, మొదటినుంచీ చెబుతాను. నాన్న కోల్డ్ స్టోరేజీలో చేరి పాతికేళ్ళయింది కదా. ఆ ఓడ కంపెనీ వంటగదులకి సరుకంతా అక్కడినుంచే వెళ్తుంది. వాళ్ళు మర్యాదకి రెండు పడకల కేబిన్ ఒకటి బహుమతిగా ఇచ్చారు. ఈ సీజన్‌లో ఆఖరి ఓడ, నెలాఖరున బయలుదేరి ఆరు రోజులు ఉత్తరం వైపు వెళ్ళి వస్తుంది. చెట్లన్నీ బోడులయ్యే రోజులు. అందరూ కిటికీలు మూసుకునే వేళకి వీళ్ళు డెక్ మీద కుర్చీలు వేస్తారట. ఆ కాగితం చూసి నాన్న ఏమన్నారో తెలుసా? "పాతికేళ్ళు చలిలో నిలబడ్డందుకు బహుమతి మళ్ళీ చలేనా? జీతమిచ్చి నిలబెట్టేది చాలదా?"

"నువ్వు వెళ్ళకపోతే మానేయ్‌రా, నేను వెళ్తా" అంది నానమ్మ. నాన్న నవ్వారు. నానమ్మ నవ్వలేదు.

నాకు తెలిసి ఆవిడ తనకంటూ ఏదీ అడగలేదు. నలభై ఏళ్ళు లాండ్రీ నడిపిన మనిషి. బొగ్గు ఇస్త్రీ పెట్టెతో మొదలుపెట్టి ఆవిరి ప్రెస్సు దాకా వచ్చింది. "జన్మంతా ఉడికాను. చెమట పట్టని ఆరు రోజులు ఎలా ఉంటాయో చూడాలే బొంగరం" అంది నాతో. తోడు వెళ్ళడానికి బొంగరం ఎప్పుడో సిద్ధం. పేర్ల ఫారంలో మొదటి గీత మీద ఆవిడ పేరు, రెండో గీత మీద నా పేరు ఆ రోజే రాసేశాను. రాత్రిపూట ఆకాశంలో ఉత్తర ధ్రువపు వెలుగుల రంగులు కనిపించవచ్చని ఓడ కాగితంలో ఉంది. కేటలాగులు రాసేదాన్ని, "కనిపించవచ్చు" అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా మూడు వారాలు ఆఫీసులో ఆ రంగుల్లోనే ఉన్నాను.

అప్పుడే నీ ఉత్తరం వచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషిని ఆ చలిలోకి తీసుకెళ్ళడమేమిటి, ఆవిడకి ఏమైనా అయితే ఎవరు జవాబు చెప్పాలి అని. నాన్న ఆ ఉత్తరం చదివి, తనకి తెలిసిన ఒకే ఒక పద్ధతిలో తేల్చేద్దామన్నారు. "సరుకు చలికి ఆగుతుందో లేదో వాదించుకోం. చాంబర్‌లో పెట్టి చూస్తాం."

అలా పోయిన శనివారం పొద్దున నానమ్మనీ నన్నూ ఆపిల్ పండ్ల చాంబర్‌కి తీసుకెళ్ళారు. లోపల రెండు డిగ్రీలు. ఓడ డెక్ మీద కూడా అంతే ఉంటుందట. అరగంట ఆగితే ప్రయాణం, ఆగకపోతే లేదు. ఇద్దరికీ చలికోట్లు తొడిగారు. నానమ్మది మోకాళ్ళ కిందికి వచ్చింది. లోపలికి వెళ్ళే ప్రతి మనిషీ తలుపు పక్క బోర్డుకి ఒక ఇత్తడి బిళ్ళ తగిలించాలి, బయటికి వస్తూ తీసెయ్యాలి. బోర్డు మీద బిళ్ళ ఉన్నంతసేపూ లోపల మనిషి ఉన్నట్టే లెక్క, తలుపుకి తాళం పడదు. మా బిళ్ళలు తగిలించాం. నాన్న రోజూ సరుకుకి రాసే చీటీ మీదే "లోపలికి: 10.05. సరుకు స్థితి: మాట్లాడుతూనే ఉంది" అని రాసి, లారీ వచ్చిందని పిలిస్తే అటు వెళ్ళారు.

ఆదివారం ఫోన్లో నీకేం చెప్పాను? నానమ్మకి చలేసి మధ్యలోనే బయటికి వచ్చేసింది, ఇంక ఓడా లేదు ఏమీ లేదు అన్నాను. నువ్వు "హమ్మయ్య, చెప్పానా" అన్నావు.

అది అబద్ధం అమ్మా. బయటికి వచ్చేసింది నేను.

పదకొండో నిమిషంలో వచ్చేశాను. మొదట చెవులు, తర్వాత పళ్ళు, ఆ తర్వాత ఎక్కడ చూసినా పెట్టెలే, ఒకటే మోత ఫ్యాన్లది, నిలబడాల్సింది ఇంకా పందొమ్మిది నిమిషాలు. నానమ్మ అటు వరసల్లో చేతులు వెనక్కి కట్టుకుని, పెట్టెల మీది పేర్లు చదువుకుంటూ షికారు చేస్తోంది. ఆవిడకి చెప్పకుండానే వెనక తలుపులోంచి క్యాంటీన్‌కి పరిగెత్తాను. బిళ్ళ తియ్యడం మర్చిపోయాను. పాతికేళ్ళుగా నాన్న ఇంట్లో అన్నం తింటూ చెప్పే బిళ్ళ సంగతి నేనే మర్చిపోయాను.

పదీ ముప్పై అయిదుకి నాన్న వచ్చి తలుపు తీస్తే నానమ్మ దర్జాగా బయటికి వచ్చి తన బిళ్ళ తీసుకుంది. బోర్డు మీద ఒకటి మిగిలింది.

"పిల్ల ఏదిరా?"

"నీతోనే ఉంది కదమ్మా!"

నాన్న వెంటనే లోపలికి దూకారట. నలుగురు హమాలీలు వెనకే. బయట ఉండమన్నా వినకుండా నానమ్మ మళ్ళీ బిళ్ళ తగిలించి మరీ వెళ్ళింది. "ఒసేయ్ బొంగరం! పలకవే! ఎక్కడ పడ్డావే!" అని ఆపిల్ పెట్టెల మధ్య ఆవిడ కేకలు లారీల దాకా వినపడ్డాయట. పద్దెనిమిది నిమిషాలు. చివరికి క్యాంటీన్ ఆయన వచ్చి, "అయ్యా, మీరు వెతికేది మూడో టీ తాగుతున్న అమ్మాయినేనా?" అన్నాడు.

నేను వెళ్ళేసరికి నాన్న బోర్డు దగ్గర ఉన్నారు. తిట్టలేదు. నా బిళ్ళ తనే తీసి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశారు. ఆ తర్వాత చీటీ తీసి రాశారు: అమ్మ, నలభై ఎనిమిది నిమిషాలు. కూతురు, పదకొండు.

సిగ్గుతో నీకు తిరగేసి చెప్పాను. నేను ఫోన్లో అలా చెబుతుంటే నానమ్మ పక్కనే కూర్చుని విన్నది. నేను పెట్టేశాక మాత్రం, "మా కోడలి దగ్గర నా పరువు నిలువునా తీశావు కదే" అంది. "నిజం నీ చేత్తో నువ్వే రాస్తావు. సరే, ఇంతకీ నాతో ఎవరొస్తారు?"

"నేనే వస్తాను, ఇంకా మందంగా స్వెటర్ వేసుకుని..."

"నువ్వొస్తే ఆరు రోజులూ నిన్ను వెతకడమే సరిపోతుంది. మీ అమ్మని తీసుకెళ్తా."

నాన్న ముఖం పేపరు వెనక్కి వెళ్ళిపోయింది. నేనే అడిగాను. "అమ్మనా? మీ ఇద్దరికీ ఇంత వంటిల్లే చాలదు. ఒక్క కేబిన్ చాలుతుందా?"

"వంటింట్లో ఇద్దరం వండాలి. అక్కడ ఎవడో వండి పెడతాడు. ఇంక గొడవ దేనికి?"

నవ్వి ఊరుకునేదాన్నే. కానీ ఆవిడ చెప్పడం ఆపలేదు. నువ్వు ఈ ఇంటికి వచ్చిన కొత్తలో, లాండ్రీలో పనిమనిషి మానేస్తే, పొద్దున కాలేజీకి వెళ్ళివచ్చి మధ్యాహ్నాలు ఆవిరి ప్రెస్సు ముందు ఆవిడ పక్కన నిలబడ్డావట. మూడు వేసవులు. హోటళ్ళ దుప్పట్లు. చెమట తుడుచుకోవడానికి నీ చెయ్యి ఖాళీ ఉండేది కాదనీ, తువ్వాలుతో తనే నీ ముఖం తుడిచేదనీ చెప్పింది. ఇవేవీ నువ్వు నాకెప్పుడూ చెప్పలేదేం?

"ఒకరోజు మెట్ల మీద కూర్చుని, 'అత్తయ్యా, మంచు పడుతుంటే ఎలా ఉంటుందో' అంది మీ అమ్మ. 'ముందు ఆ దుప్పట్ల పని చూడు' అన్నాను. లేచి వెళ్ళి చూసింది. మళ్ళీ ఎప్పుడూ ఏదీ అడగలేదు నన్ను." కొంగు నడుముకి దోపుకుని, "దానికిప్పుడు నేను జవాబు చెప్పాలి" అంది.

అమ్మా, నాన్న నిన్న కొత్త ఫారం తెచ్చారు. రెండో గీత మీద నీ పేరు నేనే రాశాను. రాస్తుంటే కొంచెం ఏడుపొచ్చింది, దాచడమెందుకు, వెళ్ళాలని నాకు అంత ఉంది. కానీ పేరు రాయడం అయ్యాక ఇల్లంతా రెండుసార్లు గెంతాను. అది కూడా నిజం. ఫారం ఈ పొద్దునే నాన్న ఇచ్చేసి వచ్చారు.

సెలవు దొరకదని మొదలుపెట్టకు. మీ ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేశాను. అరవకు, చేసేశాను. "తొమ్మిదేళ్ళలో ఆవిడ ఒక్కరోజు సెలవడిగితే ఒట్టు, ముందు తీసుకెళ్ళండి" అన్నారాయన. చలికోట్లు నాన్న తెస్తారు. ఇంటి సంగతి మేమిద్దరం చూసుకుంటాం, మాడితే మాడిందే తింటాం. అయినా నీకు వద్దనే ఉంటే, ఆ మాట నాకు చెప్పకు, నానమ్మకి చెప్పు. ఈ ఉత్తరం నీకు అందే రోజు నుంచీ ఫోన్ పక్క నుంచి లేవనంటోంది. నీ జవాబు రాకముందే అడుగు జారని మెత్తటి జోళ్ళు రెండు జతలు కొనుక్కొచ్చింది, రెండోది నీ కాలి కొలతే. అడిగితే, "జారకుండా చూసుకోమంది కదా డాక్టరమ్మ, ఒక్కదాన్నే జారతానా ఏం?" అంటోంది.

ఓడ కదిలేటప్పుడు పై డెక్‌లో ఎడమ పక్కకి రా, రేవు అటే ఉంటుంది. నీ కోటు ఏ రంగుదో ముందే చెబితే దూరం నుంచి పోల్చుకుంటాం. మంచు పడితే తల మీద ఏమీ కప్పుకోకు. ఒక్క నిమిషం చాలు. తర్వాత నర్సమ్మలాగే ఉండు, నానమ్మకీ నీకూ మందులు గుర్తుచేసుకో. తిరిగొచ్చాక అది ఎలా ఉందో ఫోన్లో కాదు, నాకు ఉత్తరంలోనే రాయాలి.

ఇట్లు,
రేవులో నాన్న పక్కన నిలబడి, ఓడ కనబడినంతసేపూ నీకు చెయ్యి ఊపబోయే
నీ కూతురు