దారికి అడ్డంగా కంప

ఉదయగిరి,
నవంబరు 23, ఆదివారం.

ప్రియమైన నాయనకు,

నీ చిన్నకూతురు నిరోష వందనాలు. దేవుని దయవల్ల నేనూ మీ అల్లుడూ కులాసా. అక్కయ్య ఇంట్లో నీ ఒంటికి హోసూరు చలి పడిందనీ, దగ్గు తగ్గిందనీ చదివి నెమ్మదించాను. ఫోనులో నీకు సరిగా వినపడకపోవడం కూడా ఒకందుకు మేలే అయింది. నలభై ఏళ్ళు ఊరందరి ఉత్తరాలూ మోసిన మనిషికి నేనిలా ఉత్తరం రాస్తున్నాను.

నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలి నొప్పి లేదు. ఆదివారం ఆరాధన మానలేదు, సైకిలు శనివారమే. దుర్గం కొండ వెనక ఊట ఇంకా పారుతోంది. దోసిలితో తాగి నిన్ను తలుచుకున్నాను. గేర్ల సైకిలుకు అంత డబ్బు పోయాలా అని అడిగావు. మీ అల్లుడు సురేంద్రబాబు కూడా బండిని ఇంట్లోకి తెచ్చి పడుకోబెడతానని రోజూ ఎగతాళి చేస్తున్నాడు. కానీ లావు చక్రాల కింద గులకరాళ్ళు గరగరమంటూ ఉంటే, ఎదురుగా కొండ మీద ఎండ దిగుతూ ఉంటే, ఇదంతా నువ్వు నాకిచ్చిందేననిపిస్తుంది. ఆ దారులన్నీ నువ్వు తిరిగినవే కదా. ఊరి నుంచి బయలుదేరి, మేకల దారిన కొండ చుట్టూ తిరిగి, వాగు దాటి మళ్ళీ ఊళ్ళోకి వస్తే ఇరవై రెండు కిలోమీటర్లు. మా స్కూలు టీచర్లం నలుగురం తొక్కుతున్నాం.

ఇక రెండు ఉత్తరాలుగా నేను దాటేస్తున్న ప్రశ్న. వానకు దారి కోసుకుపోయిన చోట ముందు పోయినవాళ్ళు తుమ్మకంప అడ్డం వేసి, పైన రాయి పెట్టే అలవాటు ఇంకా ఉందా అని అడిగావు. ఉంది నాయనా. నేనే దాన్ని తీసేశాను.

పోయిన నెల మొదట్లో పెద్దవాన కురిసిన మర్నాడు అది. ఆ చుట్టు రెండు గంటల్లోపు ముగించాలని నాకు పంతం. అందరికన్నా ముందున్నాను. కొండ వెనక మలుపులో కంప కనపడింది. అది ఏమిటో నాకు తెలుసు, నువ్వు చిన్నప్పుడే చెప్పావు. అయినా దిగి, పక్కకు లాగేసి, ఎక్కి తొక్కాను. నాలుగు గజాలు పోగానే వెనక చక్రం కింద మట్టి జారింది. ఎలాగో దాటాను. వెనక్కి వెళ్ళి కంప మళ్ళీ పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఫోనులో టైము చూసుకుని ముందుకే పోయాను. వెనకవాళ్ళకు కేకేసి చెప్పాను కాబట్టి వాళ్ళు దిగి నడిచి వచ్చారు. ఆ సాయంత్రం మేకలు తోలుకొస్తున్న చెంచురామయ్యకు చెప్పేవాళ్ళు లేరు. అంచు విరిగి వంకలో పడ్డాడు. కాలు విరిగింది.

రెండుసార్లు పళ్ళు పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళి, చెప్పలేక తిరిగొచ్చాను. ముక్కూమొహం తెలియని టీచరమ్మ చూడవస్తోందని ఆయన భార్య దేవకమ్మ నాకు మజ్జిగ ఇచ్చి దీవించింది. మూడోసారి మజ్జిగ గ్లాసు చేతిలో ఉండగానే చెప్పేశాను.

చెంచురామయ్య కాలికట్టు వైపు చూసుకున్నాడు. "తీస్తే తీసినావు. దాటినాక మళ్ళా ఎందుకు పెట్టలా?" అన్నాడు.

ఎవరి బిడ్డవని అడిగాడు. నీ పేరు చెప్పాను.

"పోస్టు వరప్రసాదం బిడ్డవా? వానల్లో మీ నాయన ఆ కంప కాడ సైకిలు భుజానికెత్తుకొని గట్టు చుట్టూ పోయినాడు. కాగితాలు ఆలస్యమైనాయని జనం తిట్టినా కంప కదపలా. నీకు చెప్పలేదా?"

"చెప్పినాడు. నేనే వినలా," అని ఏడ్చేశాను.

దేవకమ్మ నా చేతిలోని గ్లాసు తీసుకుని, మళ్ళీ మజ్జిగ పోసి తెచ్చింది. ఆయన మాత్రం కోపం దాచుకోలేదు. నేను లేచేటప్పుడు అన్నాడు: "కాలు అతుక్కుంటాది. నేను నడిచేదాకా ఆ దోవలో కంపలు నువ్వు చూసుకో."

అప్పటినుంచి వాన పడితే చాలు, శనివారం దాకా ఆగకుండా సైకిలుకు కొడవలి కట్టుకుని వెళ్తున్నాను. చేతులనిండా ముళ్ళ గీతలే. వాళ్ళు నన్ను గడప తొక్కనివ్వకపోయినా నేను అనేందుకేమీ లేదు. క్షమించడమే కాకుండా పని కూడా ఒప్పగించారు. అందుకు వాళ్ళకూ, దేవుడికీ ఎంత రుణపడ్డానో రాయడం నాకు చేతకావడం లేదు. నిన్న చెంచురామయ్యకు కట్టు విప్పారు. కర్ర పట్టుకుని వాకిట్లో నాలుగడుగులు వేశాడు. ఇక నా పని అయిపోయినట్టేనా అని అడిగితే, "నేను నడుస్తా ఉండాను సరే, నువ్వు సైకిలు మానతావా?" అన్నాడు.

మానను నాయనా. ఆ చుట్టు ఇప్పుడు నాకు మూడు గంటలు పడుతోంది.

ఇట్లు,
నీ మాట ఆలస్యంగా అందుకున్న
నీ చిన్నకూతురు
నిరోష