వెస్లీ గెంతులు

ఏడో తరగతి గది, లిండెన్ మిడిల్ స్కూలు, నెబ్రాస్కా.

ప్రోకాప్ గారికి, మీ మనవడు వెస్లీ టీచరు జోలీన్ హింజ్ నమస్కారాలు.

మీ ఇంట్లో కంప్యూటర్ లేదని వెస్లీ చెప్పాడు, అందుకే ఈ ఉత్తరం. సోమవారం నుంచి పాఠం మధ్యలో లేపి మీ వాడి చేత గెంతులు వేయిస్తున్నాను, మైదానం చుట్టూ పరుగెత్తిస్తున్నాను. ఎందుకో చెప్పక్కర్లేదు, ఆ వయసు పిల్లల సంగతి మీకు తెలిసిందే. దీన్ని కొనసాగించాలా వద్దా అన్నది నెలాఖరున స్కూలు బోర్డు తేలుస్తుందట. బోర్డులో మీరూ ఉన్నారు కదా, మీ ఓటు నాకు చాలా అవసరం.

ఇట్లు, జోలీన్ హింజ్

తా.క.: వెస్లీ గెంతితే కింద లైబ్రరీలో దీపాలు ఊగుతున్నాయి.

* * *

టీచరమ్మ గారికి, ఎల్డన్ ప్రోకాప్ టోపీ తీసి రాస్తున్నది.

మీ ఉత్తరం చూసి సిగ్గుతో చచ్చిపోయాను. మా రోజుల్లో ఎదురు చెప్పినవాణ్ణే కోచ్ మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు. నేనూ బోలెడు తిరిగాను లెండి. "ఏం వెధవపని చేశావురా?" అని మా వాణ్ణి అడిగితే, "ఏం చెయ్యలేదు తాతా, అది సరదాకి!" అంటాడు. పైగా అబద్ధం! మా పొలంలో మొక్కజొన్న నిలవచేసే కొట్టు చుట్టూ వాణ్ణి పరుగెత్తించాను. నా ఓటు మీకే. ఈ మాత్రం శిక్ష లేకపోతే పిల్లలు నెత్తికెక్కుతారు.

ఉంటాను, ఎల్డన్

తా.క.: పరుగు అయ్యాక "ఇంకోసారి వెళ్దామా తాతా?" అన్నాడు. ఇంత మొండిఘటాన్ని ఎక్కడా చూడలేదు.

* * *

ప్రోకాప్ గారికి,

అయ్యో, వెస్లీ ఏ తప్పూ చేయలేదండీ! ఇదివరకు క్లాసులో పెన్సిళ్ళు విసిరేవాడు. ఇప్పుడు గెంతి వచ్చి, కుదురుగా కూర్చుని లెక్కలు చేస్తున్నాడు. దయచేసి వాణ్ణి ఏమీ అనకండి.

కంగారుగా, జోలీన్ హింజ్

తా.క.: దీపాలు ఊగుతూనే ఉన్నాయి.

* * *

టీచరమ్మ గారికి,

మీరు మంచివారు కాబట్టి వాణ్ణి వెనకేసుకొస్తున్నారు. పెన్సిళ్ళు విసిరాడన్నమాట! చూశారా, శిక్ష ఎలా పనిచేసిందో! ఇంకాస్త పెంచండి, మంచు పడినా వదలకండి. బోర్డులో నేనే లేచి మాట్లాడతాను. మా ఆవిడ చేసిన కొలాచీ బన్నులు వాడి చేత పంపుతున్నాను.

మీ పక్షాన, ఎల్డన్

తా.క.: వాడికి ఒక్కటి కూడా పెట్టకండి.

* * *

ప్రోకాప్ గారికి,

మీ ఓటు పోతుందన్న భయంతో నోరు మూసుకుందామనుకున్నాను. మనసొప్పలేదు. అది శిక్ష కాదండీ, ఆటే. క్లాసు మొత్తం గెంతుతుంది, నేనూ గెంతుతాను. ఒళ్ళు కదిలితే బుద్ధి కుదురుతుందని మొదలుపెట్టాను. వెస్లీ మీకు నిజమే చెప్పాడు. ఓటు వేయకపోతే పోనీయండి, వాణ్ణి మాత్రం అబద్ధాలకోరు అనకండి.

జోలీన్ హింజ్

తా.క.: బన్నుల డబ్బా అందింది. బన్నులు అందలేదు.

* * *

టీచరమ్మ గారికి,

మీ ఉత్తరం చదివి, పాఠం మధ్యలో ఆటలేమిటని మండిపడ్డాను. వద్దని ఓటెయ్యాలనే నిన్న బోర్డుకి వెళ్ళాను. ముందు బస్సుల గొడవ వచ్చింది. అది సాగీ సాగీ, అందరి నడుములూ పట్టేశాయి, నోళ్ళు లేచాయి. "నీకేం తెలుసయ్యా ముసలాడా!" అంటూ ఫార్మసీ మార్విన్ నా మీదికి పెన్సిల్ విసిరాడు. నేనూ విసరబోయాను. చేతిలో పెన్సిల్ చూసుకుంటే మా వెస్లీ గుర్తొచ్చాడు. "లేవండర్రా, అందరూ గెంతండి!" అన్నాను. తిట్టుకుంటూనే గెంతారు. తర్వాత నవ్వుకుంటూ కూర్చున్నారు. బస్సుల సంగతీ తేలింది, మీ గెంతులకీ అందరూ చేతులెత్తి ఓటేశారు.

ఇంటికొచ్చి వెస్లీకి క్షమాపణ చెప్పాను. "నాకేం శిక్ష వేస్తావురా?" అంటే కొట్టు చుట్టూ పరుగెత్తమన్నాడు. పక్కన వాడూ వచ్చాడు.

మీ ఎల్డన్

తా.క.: ఈసారి "ఇంకోసారి వెళ్దామా?" అన్నది నేనే.