పలచని పాపిడి

జూన్ 3
జడ తీయించేశాను. ఎలుకతోక పోయింది. నలభై దాటాక వచ్చింది బుద్ధి.

ఇంతవరకూ నా తల పట్టుకున్న ప్రతివాళ్లూ 'అయ్యో' అన్నవాళ్లే. ఈ సెలూన్‌లో అమ్మాయి అనలేదు. సన్నజుట్టు పొడుగ్గా పెంచితే ఇంకా పలచగా కనిపిస్తుందట. లేయర్లు వేస్తే ఉన్నదీ పోతుందట. గడ్డం దాకా ఒకే గీతలో కత్తిరిస్తే ఒత్తుగా ఉంటుందట. నడి పాపిడి మాడంతా బయటపెడుతోందని పక్కకి మార్చింది. కండిషనర్ చివళ్లకే, కుదుళ్లకి వద్దంది. తడిజుట్టు ముడెయ్యొద్దంది. తల కిందికి వంచి డ్రయ్యర్ పెట్టి, ఇక లేవమంది.

అద్దంలో ఎవరో బాగున్న ఆవిడ.

ఓనరమ్మ వచ్చి, పోస్టర్లకి మీ ఫొటో వాడుకోవచ్చా అని అడిగింది. సరేనన్నాను. నవ్వాను కూడా. నన్ను ఫొటో అడిగింది ఇంతకుముందు పాస్‌పోర్ట్ ఆఫీసువాళ్లే.

జూన్ 4
కళ్లజోళ్ల షాపులో నా ఉద్యోగం, జనం ముఖాలకి ఫ్రేములు పెట్టి అద్దం పట్టుకోవడం. అందులో నేను పడకుండా పట్టుకోవడం చేతికి అలవాటైపోయింది. ఈరోజు నన్నే చూసుకుంటూ నిలబడ్డాను. కస్టమర్ దగ్గాడు.

మా ఆయన ఇంకా గమనించలేదు.

జూన్ 6
గమనించారు. మిగతాది ఎక్కడ దాచావన్నారు. ఆయన జోకుకి ఆయనే నవ్వుకున్నారు.

మా అమ్మాయి పిచుకకి పదిహేనేళ్లు. నా జుట్టే వచ్చింది. అందుకు నామీద తీరని కోపం. అదే నా చుట్టూ ఒక రౌండు కొట్టి, బాగుందమ్మా అంది. పుట్టినరోజుకి తనకీ ఇలాగే చేయించమంది. కడుపు నిండిపోయింది.

జూన్ 13
తల దువ్వుకోవడం ఇష్టంగా ఉంది.

జూన్ 22, సాయంత్రం
పిచుక స్కూలు నుంచి వస్తూనే బ్యాగు విసిరికొట్టింది. ఫ్రెండు పంపిన ఫొటో చూపించింది. ఆ సెలూన్ తలుపు మీద నిలువెత్తు పోస్టరు. ఎడమవైపు నేను, కొత్త కటింగ్‌తో, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. కింద 'బిఫోర్'. కుడివైపు ఎవరో పిల్ల, భుజాలు కప్పేసేంత జుట్టు. కింద 'ఆఫ్టర్'.

నేను బాగున్నాననుకున్న ఒకే ఒక్క రోజు, వాళ్లకి బిఫోర్.

క్లాసులో దాన్ని 'బిఫోర్ కూతురు' అంటున్నారట. అంతలా ఎందుకు నవ్వావమ్మా అని అడిగింది.



జూన్ 23
వెళ్లాను. ఓనరమ్మ కూర్చోబెట్టి జ్యూస్ తెప్పించింది. మీరే ఒప్పుకున్నారుగా అంది. మామూలుగా బిఫోర్‌లో అందరూ మొహం వేలాడేసుకుని ఉంటారండీ, మీరే కళగా ఉన్నారు అంది. కావాలంటే మీకూ ఎక్స్‌టెన్షన్లు సగం రేటుకి పెట్టిస్తానంది. ఆ పిల్లది సొంత జుట్టేనా అని అడిగాను. అతికించిందేనండీ, మేం అమ్మేది అదేగా అంది.

నాకు జుట్టు కత్తిరించిన అమ్మాయి అవతల ఎవరికో తల రుద్దుతోంది. నావైపు తిరగలేదు. నురగ పోయినా రుద్దుతూనే ఉంది.

గొడవ పెట్టుకున్నానని రాయాలనుంది. పెట్టుకోలేదు. జ్యూస్ తాగి వచ్చేశాను.

ఆయనకి చెప్పాను. అయితే ఫేమస్ అయిపోయావన్నమాట అని, టీవీ సౌండు పెంచారు.

జూన్ 24, ఉదయం
మళ్లీ వెళ్లాను. అప్పుడే షట్టర్ ఎత్తుతున్నారు. ఈసారి కూర్చోలేదు. పోస్టరు అంచు గోళ్లతో పట్టి లాగాను. గట్టి గమ్ము. జుట్టూ కళ్లూ తలుపు మీదే ఉండిపోయాయి, నవ్వొక్కటి చిరిగి చేతిలోకొచ్చింది.

ఓనరమ్మ అరిచింది. పోలీసులంది. పిలవమన్నాను. మొత్తం తీసేదాకా కదలనన్నాను. చివరికి ఆ అమ్మాయే బ్లేడు తెచ్చి, మిగతా నన్ను గీకేసింది.

అదే రోజు, రాత్రి
తీయించేశానని పిచుకకి చెప్పాను. ఇప్పుడు తీస్తే ఏం లాభం, అందరి ఫోన్లలో ఉందిగా అంది. దుప్పటి ముసుగు పెట్టుకుంది.

జూలై 5
పిచుక పుట్టినరోజు. కటింగ్‌కి నాతో రానంది. వాళ్ల నాన్నతో బయటికెళ్లి, నడుము దాకా జుట్టుతో తిరిగొచ్చింది. అక్కడికే తీసుకెళ్లారు ఈయన! అడిగితే కాదనలేకపోయానన్నారు. నీ కూతురని చెబితే సగం రేటుకే చేశారు, మంచివాళ్లే అన్నారు.

అద్దం ముందు నుంచి కదలట్లేదది. ఎంత బాగుందో! అదే నా మంట.

అతికించిన ప్రతిచోటా దాని సొంత జుట్టు బిగుసుకుని, మాడు ఎర్రగా లేచింది. ఇంత బరువు నీ జుట్టు మొయ్యలేదే తల్లీ అన్నాను. కుళ్లుకుంటున్నావా అంది.

జూలై 19
పొద్దున పక్క సర్దుతుంటే పిచుక దిండు మీద ఒక పాయ. జిగురుకి దాని వెంట్రుకలు కుదుళ్లతో సహా అంటుకుని ఉన్నాయి. అది బాత్రూమ్‌లో కుళాయి తిప్పి ఏడుస్తోంది.

పొడుగాటి పాయ. ఎవరిదో. చాలా మెత్తగా ఉంది.

దువ్వుతూ కూర్చున్నాను.