ఇంకా పుట్టని సరళ

1999 ఆగస్టు, బుధవారం రాత్రి

ఈ రోజు హైటెక్ సిటీ ఆఫీసులో పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములు ఏమవుతాయో చూడటమే కదా మా పని. అవి ఏడాదిలో చివరి రెండంకెలే గుర్తుపెట్టుకుంటాయి. కంప్యూటర్ గడియారాన్ని వచ్చే జనవరికి తిప్పి, పక్క సీటు సరళ పుట్టిన తేదీ ఇచ్చాను. అది సున్నాలోంచి డెబ్బైనాలుగు తీసేసి, డెబ్బైనాలుగులో పుట్టిన మనిషికి వయసు మైనస్ డెబ్బైనాలుగని చూపించింది.

"ఏందే, నేనింకా పుట్టనే లేదా? మరి గీ ఆకలి ఎవలిది?" అంటూ సరళ టిఫిన్ డబ్బా తెరిచింది. నా వంకాయ కూర కూడా తనే తినేసింది.

సాయంత్రానికి ఏడాదికి నాలుగంకెలు పెట్టి సరళను పుట్టించాను. హాస్టల్‌కు వచ్చాకే గుబులు మొదలైంది. మనం కుదించి చెప్పిందే యంత్రానికి లోకం. రేపు అందరూ దాన్నే అడిగి తెలుసుకుంటే, మనం చెప్పకుండా వదిలేసినవన్నీ లేనట్టేనా? నేను పెట్టిన నాలుగంకెలు కూడా పదివేలవ సంవత్సరంలో సరిపోవు. అప్పుడెవరో నన్ను తిట్టుకుంటారు.

తిట్టుకోనీ. తిట్టడానికి అప్పటికీ ఒక మనిషి, ఆ మనిషికి ఆకలి, పక్క సీటువాళ్ల డబ్బాలో కాస్త కూర ఉంటే చాలు.