మంచినీళ్ళ బోరు

విశాఖపట్నం,
ఫిబ్రవరి 11.

నాన్నకి, నీ కూతురు సూర్యకళ దండాలు పెట్టి రాస్తున్నది.

అమ్మా నేనూ ఒంట్లో కులాసాగానే ఉన్నాం. మనసు సంగతి చివర్లో రాస్తాను. వల తాడు నలిపేసిన నీ చెయ్యి ఎలా ఉంది? వేళ్ళు ఇంకా ముడవలేకపోతుంటే అక్కడ వెరావల్ రేవులోనే డాక్టరుకి చూపించు, కొబ్బరినూనెతో సరిపెట్టకు. ఇవన్నీ ఫోన్లో అడగొచ్చు గానీ ఆ ఫోను బోటు నడిపే తండేలుది. మనం మాట్లాడితే బోటంతా వింటుంది.

పోయిన ఉత్తరంలో "రాయి నీటి మీద ఎలాగ తేలతాదే?" అని అడిగావు. రాగి ఉన్న రాయిని పిండిలా నూరి నీళ్ళలో కలుపుతాం. కాస్త మందు వేసి కింది నుంచి గాలి ఊదుతాం. రాగి రేణువులు బుడగలకు అంటుకుని నురుగుతో పైకొస్తాయి, ఇసక కిందే ఉండిపోతుంది. ఆ నురుగుని మీగడలా తీసుకోవడమే లాబ్‌లో నా పని. మరీ సన్నటి రాగి మాత్రం బుడగకి అంటక ఇసకతో పోతుంది. అందుకే మా హిమబిందు మేడమ్ ఐదేళ్ళుగా నానో రేణువులు తయారుచేస్తున్నారు. వెంట్రుక మందాన్ని వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలికంత ఉంటాయవి. అవి పట్టుకున్న రాగికి నీళ్ళంటే గిట్టదు, బుడగని వదలదు.

ఎన్నేళ్ళు చేసినా నూటికి డెబ్బై ఒకటి దాటని రాగి, నవంబరులో ఒక వారం ఎనభై రెండు వచ్చింది. మేడమ్ నా చేతులు పట్టుకుని మరీ సంతోషపడ్డారు. రిపోర్టు చూసి కంపెనీవాళ్ళు ఇంకో ఐదేళ్ళు ప్రాజెక్టు ఇస్తామన్నారు, నా ఉద్యోగం పర్మనెంట్ చేస్తామన్నారు. "అదయితే నాను వొచ్చేత్తాను, ఇంక సముద్రం నావల్ల కాదు" అన్నావు నువ్వు.

నీ ఉత్తరం చివర ఇంకో ప్రశ్న ఉంది. "ఆ నురుగు మన సముద్రం నురుగులాగ నిలుత్తాదా, గెడ్డనీటి నురుగులాగ సిటికెలో పోద్దా?" చదివి నవ్వుకున్నాను. గాజువాక బస్సులో కూర్చున్నాక ఆ నవ్వు పోయింది. మా నురుగు ఎప్పుడూ నిలిచేది కాదు. ఆ ఒక్క వారమే నిలిచింది.

ఆ వారం లాబ్‌లో నీళ్ళ పైపు పగిలింది. పని ఆగకూడదని మన పేటలోని మంచినీళ్ళ బోరు నుంచి రోజూ రెండు క్యాన్లు షేర్ ఆటోలో మోసుకెళ్ళాను. మేడమ్ రికార్డు రాస్తూ "ఏ నీళ్ళు సూర్యా?" అని అడిగారు. "మంచినీళ్ళేనండి" అన్నాను. అబద్ధమాడాలని కాదు. పుట్టినప్పట్నుంచీ ఆ బోరుని మనం అలాగే పిలుస్తాం, ఆ నీళ్ళే తాగుతాం. నా నాలిక్కి ఉప్పు తెలియలేదు. ఎలమంచిలి చుట్టాలు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేస్తే వాళ్ళకి టెక్కు అనుకునేవాళ్ళం కదా.

ఉప్పు ఉంటే బుడగలు ఒకదాన్లో ఒకటి కలిసిపోవు, చిన్నగా గట్టిగా నిలబడతాయి. నీకు తెలిసిన సంగతి చదువుకున్న నాకు తట్టలేదు. ఎవరూ లేనప్పుడు మళ్ళీ చేసి చూశాను. లాబ్ నీళ్ళతో, నానో రేణువులు వేసి చేస్తే డెబ్బై ఒకటే. మన బోరు నీళ్ళతో, అవి వెయ్యకుండా చేస్తే ఎనభై ఒకటి. మూడుసార్లూ అంతే. నాలుగోసారి చేసే ధైర్యం లేక బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను.

నిన్న మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "ఐదేళ్ళు, సూర్యా" అన్నారు. రికార్డు నా ముందుకి తోశారు. మంచినీళ్ళు అన్న మాట కొట్టేసి, ఉప్పునీళ్ళు అని రాసి సంతకం పెట్టాను. ఇక ప్రాజెక్టు లేదు. నెలాఖరుకి నా ఉద్యోగమూ ఉండదు.

ఇప్పుడు నీ దగ్గర దాచింది చెప్పాలి. పది రోజుల కిందట ఫోన్లో "ఆర్డరొచ్చిందేటి?" అని అడిగావు. రాలేదు నాన్నా. మర్నాడు సంతకమవుతుందన్నారు, ఒక్కరోజు ముందు చెప్తే ఏం పోతుందిలే అని "వచ్చేసింది" అన్నాను. నీ వెనకాల బోటంతా కేకలు వేశారు. ఆ సంతకం ఇప్పటికీ కాలేదు. నీ ఉత్తరం ఆ మర్నాడే అందింది. ఆ ప్రశ్న నువ్వు అడక్కుండా ఉంటే బాగుండునని ఒకసారి అనుకున్నాను. ఒక్కసారే కాదు.

నువ్వు ఆ పూటే తండేలుతో నీ చోటు ఇంకొకరికి ఇచ్చెయ్యమన్నావట. ఎదురింటి ఈశ్వరక్క మొగుడు వీరేంద్రని రమ్మన్నారు. ఈ ఉత్తరం నీ చేతికిస్తున్నవాడు అతనే. ఇందులో ఏముందో అతనికి తెలియదు. పొద్దున్న వచ్చి "మావకి ఇంక రెస్టే కదా. ఏటైనా అట్టుకెళ్ళమంటావేటి?" అని నవ్వుతూ అడిగాడు.

అతణ్ణి వెనక్కి పంపెయ్యి నాన్నా. నీ చోటు వదలకు. అతని చేత్తోనే ఈ మాట పంపడం ఎంత నీచమో నాకు తెలుసు. ఆ వేళ్ళతో ఇంకో ఏడాది వల లాగమని నిన్ను అడగడం అంతకన్నా నీచం. వేరే దారి కనపడక అడుగుతున్నాను.

అమ్మకి ఇంకా చెప్పలేదు. నీ మంచానికి కొత్త నవారు తెచ్చి అరుగు మీద అల్లుతోంది. "సూర్యా, ఈ కొస అట్టుకోయే, మీ నాన్న బరువుకి ఆగాల" అని రెండుసార్లు పిలిచింది. వెళ్ళి పట్టుకుంటాను.

ఇట్లు,
నీకిచ్చిన మాట నిలబెట్టలేకపోయిన కూతురు
సూర్యకళ