అప్పలరాజు బావ కళ్ల పరీక్ష

శుక్రవారం, రాత్రి

పోర్టులో నాతోపాటు క్రేన్ నడిపే అప్పలరాజు బావని ఈరోజు డాక్టరు అన్‌ఫిట్ అన్నారు. ఏటా కళ్ల పరీక్షకు ముందు మేమంతా చార్టులోని అక్షరాలు బట్టీపట్టి వెళ్తాం. ఈసారి చార్టు మార్చారు. మారిన సంగతే కనిపించక, బావ పాత అక్షరాలే గడగడా చెప్పేశాడు.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. టీ ఇస్తూ అతని భార్య పైడమ్మ అడిగింది. "అన్‌ఫిట్ అంటే ఏటన్నయ్యా?"

"పనికిరాడని," అనేశాను. బావ ఎదురుగానే ఉన్నాడు.

నోరు జారాక గానీ తెలియలేదు. డాక్టరు అన్నది క్రేన్ ఎక్కడానికి ఆ కళ్లు చాలవని, అంతే. నేను చెప్పిన మాట మాత్రం మనిషినే తీసిపారేసింది. "క్రేన్‌కి చూపు సరిపోవట్లేదట, కింద డ్యూటీ ఇస్తారట" అంటే నా సొమ్మేం పోయేది?

బావ టీ తాగి, మార్కెట్ దాకా వెళ్దామని లేచాడు. తన బండిని ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి, తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే తోలు బావా. నాను పనికిరాను గదా."